ఇంటి తలుపు మీద వేలము కాగితము



ఈ నెల మేము వ్రాయుచున్న సంగతి ప్రసంగపీఠము మీద నుండి చెప్పుటకు వీలైనది కాదు. అప్పు ఇచ్చినవారును అప్పు పడినవారును ఒకే చాప మీద కూర్చుండి పాటలు పాడు సంఘములు మనవి. పేరు చెప్పకుండ మాటలాడినను ఎవరిని గూర్చి చెప్పుచున్నామో అందరికిని తెలిసిపోవును. కాబట్టి ఈ పుటలో వ్రాయుచున్నాము. ఎవరి ఇంటిలో వారు దీపము దగ్గర కూర్చుండి చదువుకొనవచ్చును.

విషయము కోర్టు వేలము. డిక్రీ సొమ్ము కట్టలేని వాని ఇంటిని కోర్టువారు జప్తు చేసి, టముకు వేయించి, పాట పెట్టుట. ఆ వేలమును ఎదిరించుటకు చట్టములోనే దారులున్నవి. అయితే ప్రతి దారికిని ఒక గడువున్నది. ఆ గడువు తెలియకనే మనవారు ఎక్కువగా నష్టపోవుచున్నారు.

కావలి మొదలుకొని జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నము వరకు మన తీరగ్రామములలో ఈ కాగితము క్రొత్త కాదు. 1990ల ఆరంభములో వరిచేలు రొయ్యల చెరువులుగా మారిన రోజులు పెద్దలకు జ్ఞాపకముండును. 1994లో వైరసు తెగులు వచ్చి చెరువులు చెరువులే తెల్లవారేసరికి చచ్చిపోయినవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, తీరప్రాంత నిబంధనల హద్దులో ఉన్న రొయ్యల చెరువులను తొలగించవలెనని తీర్పు చెప్పినది. చెరువు పోయెను గాని చెరువు మీద తెచ్చిన అప్పు పోలేదు. ఇప్పటి అప్పులకు కారణములు వేరు వేరుగా ఉన్నవి: మేత, పిల్లరొయ్యలు, పడవ ఇంజను, వలలు, ఆడపిల్ల పెండ్లి, నెల్లూరు ఆసుపత్రి బిల్లు. కోర్టు మెట్లెక్కు దారి మాత్రము ఒక్కటే.

మేము చూచినంతలో ఇల్లు పోగొట్టుకొనిన కుటుంబములలో కోర్టులో వాదించి ఓడిపోయినవారు తక్కువ. ఎక్కువమంది అసలు కోర్టుకే పోలేదు. అమీనా వచ్చుచున్నాడని తెలియగానే వెనుక తలుపున చేలలోనికి వెళ్ళిపోవుట, నోటీసు తీసికొనుటకు ఒప్పుకొనకపోవుట, పోస్టుమానుతో ఊరిలో లేరని చెప్పించుట, ఇవన్నియు తెలివి అనుకొనుచున్నారు. నోటీసు తీసికొననన్నచో అది అందినట్లే కోర్టు లెక్కించును. తలుపుకు అంటించి పోయినను అందినట్లే. ఇక అవతలివారు చెప్పినదే రికార్డులో నిలుచును. ప్రామిసరీ నోటు దావాలలో అనేకము ఈ విధముగానే ఎక్స్‌పార్టీ డిక్రీలు అగుచున్నవి.

ఎక్స్‌పార్టీ డిక్రీ అయినంత మాత్రమున అంతయు ముగిసిపోలేదు. డిక్రీ అయిన నాటినుండి 30 దినములలో దానిని రద్దు చేయుడని అదే కోర్టులో అడుగవచ్చును. సమన్లు సరిగా అందనేలేదని చూపగలిగినచో, డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి ఆ 30 దినములు లెక్కించుదురు. ఆ గడువు కూడ జారిపోయిన పిమ్మట అప్పిచ్చినవాడు అమలు పిటిషన్, అనగా మనవారు ఇ.పి. అనునది, వేయును. అందుకు అతనికి 12 సంవత్సరముల కాలమున్నది. అందుచేత ‘డిక్రీ అయి అయిదేండ్లయినది, ఇక ఏమి చేస్తాడులే’ అను ధీమా పనికిరాదు.

ఇ.పి.లో మొదట జప్తు. ఆ ఇంటిని అమ్మరాదు, దానమియ్యరాదు అని కోర్టు ఉత్తరువు. ఊరిలో టముకు వేయుదురు, ఇంటి మీద ఒక ప్రతి, కోర్టు గోడ మీద ఒక ప్రతి అంటించుదురు. ఈ సమయమున ఎవరో ఒకరు వచ్చి ‘ఇల్లు భార్య పేర రిజిస్టరు చేయించెయ్, పీడ వదిలిపోద్ది’ అని సలహా చెప్పుదురు. జప్తు తరువాత చేసిన అట్టి రిజిస్ట్రేషను ఆ డిక్రీదారుని ఎదుట చెల్లదు. స్టాంపుల ఖర్చు దండుగ. అయితే ఆ ఇంటిలో నిజముగా భార్యకు, తమ్మునికి ముందునుండి భాగమున్నచో సంగతి వేరు. వారు తమ పేరున క్లెయిము పిటిషన్ వేసికొనవచ్చును. అది వేలమునకు ముందే వేయవలెను.

ఇప్పుడు మన పల్లెవారు ముఖ్యముగా తెలిసికొనవలసినది. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షనులో కొన్ని ఆస్తులను జప్తు చేయరాదని వ్రాయబడియున్నది. వాటిలో వ్యవసాయదారుడు తాను కాపురముండు తన సొంత ఇల్లు ఒకటి. ఆ ఇంటి స్థలము, దానిని అనుభవించుటకు కావలసిన చుట్టుపట్ల నేల కూడ అందులో చేరును. 1976 సవరణలో కూలివానిని, ఇంటిపనివారిని కూడ చేర్చిరి. అనగా చేతి నోటు మీద, సరుకు బాకీ మీద వచ్చిన డిక్రీకి, కూలి చేసి బ్రతుకు మనిషి కాపురమున్న ఇంటిని జప్తు చేయరాదు.

మరి ఎందుకు చేయుచున్నారు? కోర్టుకు ఆ మనిషి ఎవరో తెలియదు గనుక. పిటిషనులో ఇంటి నంబరు, హద్దులు మాత్రమే ఉండును. ‘నేను కూలివాడను, ఇదే నా ఇల్లు, ఇందులోనే కాపురమున్నాను’ అని ఆ మనిషియే వచ్చి చెప్పవలెను, ఋజువు చూపవలెను. రేషను కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకము, ఇంటి పన్ను రసీదు వంటివి ఇందుకు సాయపడును. పొలము నామమాత్రముగా ఉండి వ్యాపారముతో బ్రతుకు వానిని వ్యవసాయదారుడని కోర్టు ఒప్పుకొనదు. సాగు మీద బ్రతుకుట అసలైన గురుతు. రొయ్యల చెరువు గలవాడు వ్యవసాయదారుడగునా, వేటకు పోవు మత్స్యకారుడు కూలివాడగునా అనునవి ఒక్కొక్క మనిషి బ్రతుకుతెరువును చూపి వాదించవలసినవి. వకీలుతో ఆ సంగతి దాచక చెప్పవలెను.

ఇంకొక మాట. అప్పుపత్రము మీద ‘నాకు 60వ సెక్షను రక్షణ అక్కరలేదు’ అని ముందుగానే వ్రాయించి సంతకము తీసికొను తెలివిగలవారున్నారు. అట్టి ఒప్పందము చెల్లదని అదే సెక్షనులో 1976లో చేర్చిరి. కాబట్టి సంతకము పెట్టితిమి గదాయని దిగులుపడవద్దు.

అయితే ఇంటినే తనఖా పెట్టి అప్పు తెచ్చినవానికి ఈ రక్షణ లేదు. ఆ ఇల్లు జప్తు మీద రాదు, తనఖా మీదనే అమ్మకమునకు వచ్చును. ఆ భేదము తెలిసికొనకుండ మనవారు కొందరు 60వ సెక్షను ఉన్నది గదాయని నిశ్చింతగా ఉందురు. తనఖా డిక్రీలో వేరొక దారి ఉన్నది, దానిని దిగువ చెప్పెదము.

జప్తు తరువాత అమ్మకపు ప్రకటన. దీనికి ముందు కోర్టు బాకీదారునికి నోటీసు ఇచ్చును. పాఠకులారా, మా మట్టుకు మాకు అన్ని నోటీసులలోను ఇదే పెద్దది. ఆ దినమున ఇంటి వెల ఎంత, ఏ భాగమును అమ్మవలెను, దాని మీద వేరే బాకీలేమున్నవి అనునవి నిర్ణయమగును. డిక్రీదారుడు తన అంచనా చెప్పును. మీరును మీ అంచనా చెప్పవచ్చును. రెండు అంచనాలును ప్రకటనలో ఎక్కవలెను. మీరు పోకపోయినచో డిక్రీదారుడు చెప్పిన వెల ఒక్కటే కాగితము మీద మిగులును. పది లక్షల ఇల్లు మూడు లక్షలని ప్రకటనలో పడినదనుకొనుడి. పాటదారుడు ఎక్కడ నుండి మొదలుపెట్టును? వేలమైన తరువాత ‘వెల తక్కువ వేసినారు’ అని ఏడ్చినను, ప్రకటన తయారగునాటికి చెప్పగలిగిన అభ్యంతరమును అప్పుడు చెప్పనివాని మాట తరువాత వినరాదని చట్టమే చెప్పుచున్నది. కాబట్టి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఆ ఊరి మార్కెట్టు విలువ కాగితము తీసికొని, ఇటీవల ప్రక్కవారు అమ్మిన స్థలము దస్తావేజు నకలు ఒకటి పట్టుకొని ఆ వాయిదాకు తప్పక వెళ్ళవలెను.

అప్పు ఎంతో అంతకు తగిన భాగమునే అమ్మవలెనను నియమము కూడ ఉన్నది. ఈ సంగతిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులలో రెండు మన ఆంధ్రదేశమునుండి వెళ్ళిన కేసుల మీదనే వచ్చినవి. 1977 నాటి కేసులో బాకీదారునికి రెండు ఊళ్ళలో భూములుండెను. మొదటి ఊరి భూమి పాటలోనే బాకీకి సరిపడు సొమ్ము వచ్చినది. అయినను రెండవ ఊరి భూమిని కూడ అమ్మిరి. సొమ్ము చాలినప్పుడు ఆగవలసినదని కోర్టు తప్పుపట్టినది. 1989 నాటి కేసు ఇంకను విచారకరము. సుమారు 2,400 రూపాయల బాకీకి 10 ఎకరముల భూమిని 17,000 రూపాయలకు వేలము వేసిరి. కొంత భాగము అమ్మిన చాలునా అని చూచుట కోర్టు ఇష్టాయిష్టములకు విడిచిన సంగతి కాదు, అది కోర్టు మీద ఉన్న బాధ్యత అని సుప్రీంకోర్టు చెప్పి ఆ అమ్మకమును రద్దు చేసినది. రెండువేల నాలుగువందలకు పది ఎకరములు! అది పై కోర్టు వరకు వెళ్ళినది గనుక మనకు తెలిసినది. వెళ్ళనివి ఎన్నో!

మన ఊళ్ళలో ఇంటి వెనుక ఖాళీ దొడ్డి, ప్రక్కన పశువుల పాక స్థలము, రోడ్డు వైపు కొట్టు గది ఉండుట మామూలే. దొడ్డి అమ్మిన అప్పు తీరునప్పుడు ఇల్లు అమ్ముడని అడుగు హక్కు డిక్రీదారునికి లేదు. దీనికి కొలతలతో ఒక చిన్న పటము గీయించి కోర్టుకు ఇచ్చుట మంచిది.

ఇక చేతి చెల్లింపుల సంగతి. కొన్నేండ్ల క్రిందట మాకు తెలిసిన ఒక కుటుంబము, చెరువు మేత బాకీకి డిక్రీ అయిన పిమ్మట రెండు దఫాలుగా సొమ్ము కట్టిరి. మొదటి దఫా పంట అమ్మి నోట్లు తీసికొనిపోయి అరుగు మీద లెక్కపెట్టి ఇచ్చిరి. రెండవ దఫా బ్యాంకు ద్వారా పంపిరి. ఇ.పి. కాగితము వచ్చినప్పుడు చూడగా బాకీ మొత్తము అట్లే ఉన్నది. ఆ తల్లి కాగితము పట్టుకొని వచ్చి, ‘అయ్యగారూ, ఆయన చేతిలోనే గదా పెట్టింది, దేవుడు చూడలేదా?’ అని అడిగినది. దేవుడు చూచెను గాని కోర్టుకు కాగితము కావలెను. డిక్రీ అయిన తరువాత కోర్టు వెలుపల ఇచ్చిన సొమ్మును 30 దినములలో కోర్టులో నమోదు చేయించుకొనవలెను. వ్రాతపూర్వకమైన ఋజువైనను ఉండవలెను, డిక్రీదారుడు ఒప్పుకొననైనను వలెను. లేనిచో అమలు చేయు కోర్టు దానిని లెక్కలోనికి తీసికొనదు. బ్యాంకు కాగితము చూపగానే డిక్రీదారుడే కోర్టులో ఒప్పుకొనెను గనుక ఆ కుటుంబమునకు రెండవ దఫా సొమ్ము లెక్కలో పడినది. అరుగు మీద పెట్టినది పడలేదు. డిక్రీ అయిన తరువాత ఒక్క రూపాయి కట్టినను కోర్టులోనో, బ్యాంకు ద్వారానో, మనియార్డరు ద్వారానో కట్టవలెను. రసీదు అడిగిన వానికి కోపము వచ్చునేమోయని మొగమాటపడువారు ఈ కుటుంబమును జ్ఞాపకము చేసికొనుదురు గాక.

ఆ కుటుంబము ఇల్లు నిలుపుకొనినది మరియొక దారిన. బాకీదారుడు తానే మంచి వెలకు అమ్ముకొనియో, వేరొకచోట తనఖా పెట్టియో, కౌలుకిచ్చియో బాకీ తీర్చగలనని నమ్మదగిన కారణము చూపినచో, కోర్టు వేలమును వాయిదా వేసి అందుకు గడువిచ్చి ఒక సర్టిఫికెటు ఇయ్యవచ్చును. జప్తులో ఉన్నను ఆ సర్టిఫికెటు మీద అమ్మవచ్చును, అయితే సొమ్ము కోర్టులోనే కట్టవలెను, అమ్మకమును కోర్టు ఖాయపరచవలెను. వారు దొడ్డి స్థలమును ప్రక్కింటివారికి ఆ విధముగా అమ్మిరి. వేలములో వచ్చు వెలకును ప్రక్కింటివాడు ఇచ్చు వెలకును భేదము అందరికిని తెలిసినదే. 21వ ఆర్డరు 83వ రూలు అని వకీలుతో చెప్పినచో చాలును. తనఖా డిక్రీలకు మాత్రము ఈ రూలు వర్తించదు.

వేలము దినము గూర్చి కొన్ని చిన్న సంగతులు. ప్రకటన అంటించిన నాటినుండి 15 దినములైనను గడువక పాట పెట్టరాదు, బాకీదారుడు వ్రాసి ఒప్పుకొనిన తప్ప. వేలము 30 దినములకు మించి వాయిదా పడినచో మరల క్రొత్త ప్రకటన వేయవలెను. ఇక్కడ ఒక గుంట ఉన్నది. గడువు కోరుకొను బాకీదారునిచేత ‘క్రొత్త ప్రకటన అక్కరలేదు’ అని ఒక మెమో మీద సంతకము పెట్టించుట కోర్టులలో వాడుక. గడువు దొరికిన సంతోషములో మనవారు చదువక సంతకము చేయుదురు. అది చెల్లును. తరువాత ప్రకటన లేదని వాదించుటకు వీలుండదు. డిక్రీదారుడు కోర్టు అనుమతి లేకుండ తానే పాట పాడరాదు. పాట ముగించి సుత్తి కొట్టకముందు బాకీయు ఖర్చులును ఆ అధికారి చేతిలో పెట్టినచో, లేక కోర్టులో కట్టిన ఋజువు చూపినచో, అమ్మకము అక్కడికక్కడే ఆగును.

సుత్తి పడినది. ఇల్లు వేరొకరు పాడుకొనిరి. అప్పుడు?

అప్పుడును ఇల్లు పోలేదు. చాలమంది ఇక్కడ చేతులెత్తి సామాను సర్దుకొందురు. పాట పాడినవాడు వెంటనే నాలుగవ వంతు సొమ్ము కట్టవలెను, మిగిలినది 15 దినములలో కట్టవలెను. కట్టకపోయినచో అది అమ్మకమే కాదని సుప్రీంకోర్టు 1954లోనే చెప్పినది. కాబట్టి పదహారవ దినమున కోర్టు ఆఫీసులో విచారించి తెలిసికొనుట మన పని. అతడు కట్టినను, కోర్టు ఆ అమ్మకమును ఖాయపరచువరకు ఇల్లు అతనిది కాదు. ఆ మధ్యకాలములో రెండు తలుపులున్నవి.

ఒకటి సొమ్ము కట్టి విడిపించుకొనుట, 89వ రూలు. ప్రకటనలో చూపిన బాకీ డిక్రీదారునికి, పాట సొమ్ము మీద నూటికి 5 చొప్పున పాటదారునికి, వేలము దినము నుండి 60 దినములలో కోర్టులో కట్టి పిటిషను వేయవలెను. లెక్క కొరకు ఇట్లు అనుకొనుడి: ఇల్లు 4,00,000 రూపాయలకు పాడిరి, ప్రకటనలోని బాకీ 1,10,000. మీరు కట్టవలసినది 1,10,000, దానితో 20,000, మొత్తము 1,30,000 రూపాయలు. అంతయు గడువులోపల కట్టినచో కోర్టు అమ్మకమును రద్దు చేయవలసినదే. పాటదారుడు తన సొమ్మును, ఆ 20,000ను తీసికొని వెళ్ళును. వేలములో తప్పు జరిగినదని చూపనక్కరలేదు. ఈ డిపాజిటు గడువు మునుపు 30 దినములుగా ఉండెను, పిటిషను గడువు మాత్రము 60. ఆ పొందిక లేకపోవుట వలన అనేకులు చిక్కుపడిరి. 2002 సవరణతో రెండును 60 అయినవి. ఒక్క రూపాయి తగ్గినను చిక్కే గనుక లెక్కను కోర్టు ఆఫీసులో సరిచూచుకొనవలెను.

ఈ పిటిషను ఎవరు వేయవచ్చును? ఇంటివాడే కానక్కరలేదు. ఆ ఇంటిలో హక్కుగల ఎవరైనను, లేక వారి మేలు కొరకు వారి తరపున పనిచేయు ఎవరైనను వేయవచ్చునని ఆ రూలులోనే ఉన్నది. బాకీదారుడు మంచములో ఉన్నను, ఊరు విడిచి చెన్నపట్నము పోయినను, అతని కుమారుడు, అన్న, స్నేహితుడు ఆ సొమ్ము కట్టవచ్చును. ఈ మాట సంఘపెద్దలు మరల ఒకసారి చదువవలెనని కోరుచున్నాము.

రెండవ తలుపు 90వ రూలు: ప్రకటనలోనో పాటలోనో ముఖ్యమైన పొరపాటు, లేక మోసము జరిగినదని చూపి రద్దు కోరుట. దీనికిని 60 దినములే. పొరపాటు చూపిన చాలదు, దాని వలన మనకు గట్టి నష్టము కలిగినదని కూడ చూపవలెను. వెల తక్కువ వచ్చినదను ఒక్క మాట మీద ఈ పిటిషను నిలువదు. టముకు వేయలేదు, ప్రకటన అంటించలేదు, అందుచేత పాటకు ఎవరును రాలేదు, అందుచేత ఇంత తక్కువకు పోయినది అని గొలుసు కలుపవలెను. ఈ పిటిషను పెట్టుకొని 89వ రూలు క్రింద సొమ్ము కట్టుదుననిన కుదరదు. మొదటిదానిని ఉపసంహరించుకొనవలెను. రెండు పడవల మీద కాళ్ళు వేయుట మన మత్స్యకారులకు చెప్పనక్కరలేదు.

తనఖా డిక్రీ గలవారికి ముందు చెప్పెదమన్న దారి ఇది: అమ్మకము ఖాయపరచబడువరకు ఎప్పుడైనను డిక్రీ సొమ్మంతయు, పాట సొమ్ము మీద నూటికి 5ను కోర్టులో కట్టి ఇంటిని విడిపించుకొనవచ్చును. 34వ ఆర్డరు 5వ రూలు.

బ్యాంకులవారు నేడు ఎక్కువగా కోర్టుకు రాకయే, 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద తామే వేలము వేయుచున్నారు. ఆ దారి వేరు. 60 దినముల నోటీసు ఇచ్చి, తరువాత స్వాధీనము చేసికొందురు. దానిని ఎదిరించుటకు సివిల్ కోర్టుకు పోరాదు, 45 దినములలో రుణ వసూలు ట్రిబ్యునలుకు పోవలెను. లక్ష రూపాయలకు మించని బాకీకి, వ్యవసాయ భూమికి ఆ చట్టము వర్తించదు. దీనిని గూర్చి మరియొక నెల వ్రాయుదుము.

అప్పు అను మాట వినగానే ఎగవేతను ప్రోత్సహించుచున్నారని మాతో అనువారున్నారు. తీసికొనినది తీర్చవలెను, అందులో సందేహము లేదు. పైన చెప్పిన దారులలో అనేకము సొమ్ము కట్టు దారులే గదా! అప్పిచ్చినవాని న్యాయమైన రూపాయి అతనికి చేరవలెను. రెండువేలకు పది ఎకరములు చేరరాదు. లేవీయకాండము 25వ అధ్యాయమును విప్పి చూడుడి. ప్రాకారముగల పట్టణములో ఇల్లు అమ్మినవానికి విడిపించుకొనుటకు ఒక సంవత్సరము గడువు. ప్రాకారము లేని పల్లెలోని ఇంటికైతే ఆ గడువే లేదు, దానిని పొలముతో సమానముగా ఎంచి ఎప్పుడైనను విడిపించుకొననిచ్చిరి. పల్లెవానికి ఇల్లు బ్రతుకుతెరువులో ఒక భాగమని ఆనాడే గుర్తించిరి. మన 60వ సెక్షను వ్రాసినవారికి ఆ అధ్యాయము తెలియునో లేదో గాని, వారును వ్యవసాయదారుని ఇంటినే వేరుచేసి చూచిరి. నెహెమ్యా దినములలో కరవుకు పొలములును ఇండ్లును కుదువపెట్టిన జనులు గొంతెత్తి మొరపెట్టిరి గనుకనే ఆ దినముననే తిరిగి ఇయ్యుడని ప్రధానులకు ఆజ్ఞ వచ్చినది. వారు వెనుక తలుపున వెళ్ళిపోలేదు.

మన జిల్లాలోనే తాతలనాడు ఇట్టి మొర ఒకటి చట్టమైనది. నెల్లూరు మద్రాసు రాష్ట్రములో ఉన్న కాలమున, 1938లో రాజాజీ ప్రభుత్వము వ్యవసాయదారుల రుణ విమోచన చట్టము చేసి పాత వడ్డీలను తగ్గించినది. 1937 అక్టోబరు 1 తరువాత వేలములో పోయిన రైతుల ఆస్తులకు, గడువులో అడిగినచో ఆ అమ్మకమును రద్దు చేయించుకొను వీలు కూడ కల్పించినది. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చిన్న రైతుల, వ్యవసాయ కూలీల, గ్రామ చేతిపనివారి అప్పటి అప్పులకు విమోచన చట్టము చేసినది. అవి ఆయా కాలముల అప్పులకు సంబంధించినవి. నేటి నోటుకు వాటిని అడ్డుపెట్టుకొనలేము.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి చట్టము క్రింద నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది, తాలూకా కోర్టులలో మండల కమిటీలున్నవి. స్త్రీలకు ఆదాయముతో పనిలేకుండ ఉచితముగా వకీలును ఇయ్యవలెను. ఎస్.సి., ఎస్.టి. వారికిని, తుపాను వంటి విపత్తులలో నష్టపోయినవారికిని అట్లే. మన విశ్వాసులలో చాలమంది కాగితము మీద బి.సి.-సి గనుక ఎస్.సి. లెక్కలోనికి రారు, ఆ సంగతి మనకు తెలిసిన బాధయే. వారు ఆదాయ పరిమితి క్రింద అడుగవచ్చును. ఇల్లు భార్య పేర ఉన్నచో ఆమెయే అడుగవచ్చును. 15100 నంబరుకు ఫోను చేసినను దారి చెప్పుదురు. డిక్రీదారుడు ఒప్పుకొనినచో లోక్ అదాలత్‌లో వాయిదాల మీద కట్టుకొనునట్లు రాజీ చేసికొనవచ్చును. అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు గనుక కట్టగలిగినంతకే ఒప్పుకొనవలెను. ఉత్సాహములో నెలకు పదివేలని చెప్పి మూడవ నెల ఆగిపోయినవారిని చూచితిమి.

కోర్టు కాగితము వచ్చినవారు మొట్టమొదట చేయవలసినది, దాని మీద ఉన్న ఇ.పి. నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ ఒక పుస్తకములో వ్రాసికొనుట. నెల్లూరు, కావలి, కోవూరు, గూడూరు కోర్టులలో ఏది అనునది కాగితము పైభాగముననే ఉండును. పిల్లల ఫోనులో ఈ-కోర్ట్స్ అను సేవ ఉన్నది. నంబరు వేసినచో తరువాతి వాయిదా కనబడును. గుమాస్తా చెప్పిన తేదీని దానితో సరిచూడుడి.

60 దినముల లెక్క వేలము జరిగిన దినమునుండియే గాని, ఆ వార్త మీ చెవిని పడిన దినమునుండి కాదు. అరువదవ దినము ఆదివారమో, మే నెల సెలవులలోనో పడినచో కోర్టు తెరచిన మొదటి దినమున పిటిషను వేయవచ్చును. అయినను ఏబదియవ దినమునకే సొమ్ము చలానా చేతిలో ఉండునట్లు చూచుకొనుడి. బ్యాంకు సెలవులు, చలానా మీద కోర్టు ముద్ర, వకీలు వేరే ఊరు వెళ్ళుట, ఇవన్నియు ఆ చివరి పది దినములలోనే వచ్చును.